ఎర్రచుక్క ఆరిన శనివారం

"షుగరే కదా" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పెండ్లి బంతిలో కూచుని, చేతిలో జిలేబీ పట్టుకుని మరీ అంటారు, "అందరికీ ఉండేదేలేబ్బా, షుగరే కదా" అని. నా చిన్నప్పుడు దాన్ని చక్కెర జబ్బు అనేవాళ్ళు. వెనకాల జబ్బు అనే మాట ఉండేది కాబట్టి వినేవాడికి కొంచెమన్నా జంకు ఉండేది. ఇంగ్లీషు పేరు వచ్చినాక ఆ జబ్బు అనే మాట రాలిపోయింది, వట్టి తీపి మిగిలింది. అంతకంటే పెద్ద మోసం ఇంకోటి లేదు.

నాకు మాత్రం దాని పేరు చెబితే గుండె జారుతుంది. ఎందుకో చెబుతాను.

తిరుపతిలో రైల్వేస్టేషను దగ్గర సందులో నాకు కళ్ళద్దాల అంగడి ఉండేది. ఐదో తరగతితో నా బడి సరి. చిత్తూరులో ఒక ముసలాయన దగ్గర అద్దాలు అరగదీసే పని నేర్చుకున్నాను. మిగతా చదువంతా పాత పుస్తకాలు కొని, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూడబలుక్కుంటా చదివిందే. వెలుగు గాజులో ఎట్ల వంగుతుంది, ఎట్ల తిరిగొస్తుంది అని నాకు ఏ అయ్యవారూ చెప్పలేదు. నేనే కష్టపడి తెలుసుకున్నాను. అందుకే తెలిసీ తెలియకుండా మాట్లాడేవాళ్ళంటే నాకు అంత కోపం.

మా ఇంటామె పూలు కట్టేది. మల్లెలు, కనకాంబరాలు గంపలో తెచ్చుకుని వాకిట్లో కూచుంటే, దారం ఎప్పుడు చుట్టిందో ఎప్పుడు ముడి పడిందో పక్కన కూచున్నవాళ్ళకు కూడా కనిపించేది కాదు. ఆమెకు చక్కెర జబ్బు వచ్చింది. మొదట మాత్రలు, అవి చాలక ఇన్సులిన్. పొద్దున్నే తొడకు తనే సూది వేసుకునేది, మొహం కూడా చిట్లించేది కాదు. వేలికొస పొడిచి రక్తం చూసుకోమంటే మాత్రం ససేమిరా అనేది.

"తొడమింద ఎన్ని పోట్లు పొడస్తావో పొడువు. నా వేళ్ళ జోలికి రాబాక. పొడిచిన వేలితో దారం లాగితే ఎట్లుంటాదో నీకేం తెలుసు? అద్దాలు తుడుచుకునేవాడివి."

"అద్దాలు తుడిచేవాడు గూడా మనిషేనే."

"అయితే నీ వేలు పొడుచుకో పో."

మద్రాసుకు పోయి వచ్చే ఒక బేరగాడికి చెప్పి రక్తం చూసే మిషను ఒకటి తెప్పించి పెట్టినాను. చీరల బీరువాలో, పసుపు కుంకుమ డబ్బా పక్కన, కాగితం కూడా చింపకుండా అట్లే పెట్టింది. ఒంట్లో చక్కెర ఎంతుందో తెలియకుండానే రోజూ మందు లోపలికి పోతా ఉంది. ఎక్కువైతే ఒక భయం, తక్కువైతే ఇంకో భయం. పొద్దున అంగడి తీసేదానికి పోతా గడప దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఆమె మొహం చూసి పోవడం నాకు అలవాటైంది. ఏం చూస్తాండావని అడిగేది. ఏం లేదనేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, యూనివర్సిటీలో ఫిజిక్సు పరిశోధన చేసే ఒకాయన అంగడికి వచ్చినాడు. ముప్పై దాటినవాడు, అప్పుడే నడినెత్తిన జుట్టు పలచబడింది. ఐరాల పక్క చెరుకు రైతుల ఇంటి మనిషి. చేతిగుడ్డలో చుట్టిన గాజు పట్టకం ఒకటి బల్ల మీద పెట్టినాడు.

"అన్నా, కింద పడి అంచు పెచ్చు లేసింది. అంచు మట్టుకు నున్నగా చేసిస్తావా? మొహం మాత్రం తాకకూడదు."

"పెండ్లికూతురి మాదిరి చెప్తాండావే."

"పెండ్లికూతురేనన్నా. దీనికి బంగారం గూడా పెడతాము."

నేను నవ్వినాను గానీ ఆయన నిజమే చెప్పినాడు. ఆ పట్టకం మొహానికి, బంగారు పూత పూసిన గాజుబిళ్ళ అతికిస్తారంట. పూత ఎంత పలచనంటే దాని గుండా అవతలి మనిషి కనిపిస్తాడు. పట్టకంలోకి ఎర్రటి లేజరు వెలుగు పంపితే అది బంగారానికి తగిలి తిరిగి వస్తుంది. పట్టకాన్ని మెల్లగా తిప్పుతా పోతే ఒకానొక కోణం దగ్గర మాత్రం ఆ వెలుగు తిరిగి రాదు.

"యాడికి పోతాది?" అన్నాను.

"ఉయ్యాల ఊపేటప్పుడు సరైన అదనులో తోస్తే మన తోపు అంతా ఊగుడులోకే పోతాది కదన్నా. బంగారం పైన ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఆ కోణంలో వెలుగు వచ్చి తోస్తే అవి ఊగుతాయి. వెలుగంతా ఆ ఊగుడుకే సరి. సర్ఫేస్ ప్లాస్మాన్ రెసొనెన్స్ అంటారు. బంగారానికి అవతలి పక్క నీళ్ళు ఉంటే ఒక కోణం. ఆ నీళ్ళలో గ్లూకోజు కలిపితే ఇంకో కోణం. ఎంత కలిపితే అంత జరుగుతాది. ఆ జరుగుడు కొలిస్తే గ్లూకోజు ఎంతుండాదో చెప్పొచ్చు."

సరిగ్గా అప్పుడే మా ఇంటామె అన్నం క్యారియరు తీసుకుని అంగడి మెట్టెక్కింది. చివరి మాట చెవిన పడింది.

"ఏంది నాయనా? వెలుగుతోనే సూస్తారా? పొడిసేపని లేదా?"

ఆయన మంచివాడు. మంచివాళ్ళతోనే తంటా. "ముందు ముందు అట్లే అవుతాదమ్మా," అన్నాడు. ముందు ముందు అనే మాట ఆమెకు వినిపించలేదు. అవుతాది అనేదే వినిపించింది.

ఆ మిషను చూస్తానని పట్టుబట్టింది. పట్టకం బాగు చేసి ఇచ్చేదానికి నేను పోతుంటే వెంట వచ్చింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టిన గది. బల్ల మీద తిరిగే పళ్ళెం, దాని మీద పట్టకం, బంగారం వెనకాల అంగుళం కూడా లేని నీళ్ళ తొట్టి. గోడకు అతికించిన తెల్ల కాగితం మీద ఎర్రచుక్క ఒకటి మెరుస్తా ఉంది. ఆయన పళ్ళెం తిప్పే కొద్దీ చుక్క మసకబడింది. ఇంకొంచెం తిప్పినాడు. ఆరిపోయినట్టే అయింది.

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. జీవితమంతా గాజుతో బతికినవాణ్ణి. గాజు మీద పడిన వెలుగు అటన్నా పోవాలి, ఇటన్నా రావాలి. లేజరు వెలుగుతూనే ఉంది, పట్టకం అక్కడే ఉంది, వెలుగు మాత్రం లేదు. ఉన్నట్టుండి మనిషి మాట ఆగిపోయినట్టుగా అనిపించింది.

ఆయన తొట్టిలోకి గ్లూకోజు నీళ్ళు వదిలినాడు. చుక్క మళ్ళీ వెలిగింది. ఇంకొంచెం తిప్పితేగానీ ఆరలేదు.

"సూడు సూడు, కనుక్కునేసింది!" అని మా ఇంటామె చేతులు తట్టింది. "నా రక్తం ఎప్పుడు పెడతావు నాయనా?"

"ఇది వట్టి నీళ్ళతో చేసేదమ్మా. రక్తమంటే ఇంకా పని ఉండాది. రెండు మూడేండ్లు పట్టొచ్చు."

"పట్టనీ. నేనేం పరిగెత్తి పోతానా."

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఏదో పేపర్లో ఒక ముక్క వేసినారు, మధుమేహులకు ఇక సూదిపోటు లేదు అని. యాడో విదేశంలో ఎవరో చేస్తున్న పరిశోధన. ఇక లేదు అని రాసినవాడు ఎన్నేండ్లకు లేదో రాయలేదు. ఆ రాసినవాడు ఎదురుపడి ఉంటే చొక్కా పట్టుకుని ఉందును. మా ఇంటామె నా చేత ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది. ఇక బీరువాలో మిషను మాట ఎత్తినప్పుడల్లా ఒకటే జవాబు, "వెలుగు మిషనొస్తాది, అప్పుడు సూసుకుంటా."

సెప్టెంబరు నడుమ మొదలయ్యే పెరటాసి నెల వచ్చింది, వెంకన్నస్వామి నెల. మా పక్క పెరటాసి శనివారాలంటే తెలియనివాళ్ళు లేరు. ఇంటిల్లిపాది నామాలు పెట్టుకుని ఒక్కపొద్దు ఉంటారు. పులిహోర, వడలు, పాయసం అన్నీ వండి, అరిటాకుల్లో స్వామి పటం ముందర పరుస్తారు. అదే తళిగ. కర్పూరం ఇచ్చి గోవిందా అనేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టకూడదు. చంద్రగిరిలో ఉండే మా అక్క ఏటా ఒక శనివారం మా ఇంటికొచ్చి దగ్గరుండి తళిగ వేయించేది. మా అమ్మ పోయినాక ఆ పెద్దరికం ఆమెదే.

ఆ శనివారం మా ఇంటామె తెల్లవారకముందే లేచి తలకు పోసుకుంది. ఎప్పటిమాదిరే సూది వేసుకుంది. పొయ్యి దగ్గర కూచుంది. తిండి లేదు, ముందు రెండు శనివారాలు తాగిన కాఫీ కూడా, అక్క ఎదురుగా ఉందని ఈసారి లేదు. ఆమెకు మందు రాసిన డాక్టరు, ఒక్క పూట కూడా సూది మానొద్దని గట్టిగా చెప్పినాడు. సూది వేసుకుని తిండి మానొద్దని చెప్పలేదు. తిరుపతిలో కూచుని వైద్యం చేసేవాడికి పెరటాసి నెలలో ఆడవాళ్ళు ఏం చేస్తారో తెలియదంటే ఆ చదువును ఏమనాలి? నాకప్పటికి ఇంట్లో కాఫీ అయినా తాగి ఉంటుందని నమ్మకం. రెండు అద్దాలు ఇవ్వాల్సినవి ఉంటే అంగడికి పోయినాను.

పదకొండు దాటింటుంది. పక్కింటాయన సైకిలు మీద రొప్పుకుంటా వచ్చినాడు.

"అన్నా, లెయ్యి, లెయ్యి! మీ ఇంటామె మింద సామొచ్చిండాడు. జనమంతా చేరిండారు. వచ్చేటప్పుడు ఒక టెంకాయ గూడా తీసుకోమన్నాది మీ యక్క."

టెంకాయ ఎవడికి కావాల? అంగడి తలుపు కూడా వెయ్యకుండా మెట్లు దిగినాను. పాత నర్సింగు పుస్తకం ఒకటి నేను చదివి ఉన్నాను. చక్కెర దిగిపోతే చెమట, వణుకు, పిచ్చిచూపు, పొంతన లేని మాటలు. అప్పటికీ ఏమీ చెయ్యకపోతే స్పృహ పోతుంది, ఆ తర్వాత మనిషే పోతుంది. ఆయన సైకిలు వెనకాల కూచున్నాను. దారి పొడుగునా నాకు వినిపించింది ఒకటే, గోవిందా గోవిందా అని వీధుల్లో అరుపులు. ఏ అరుపు మా ఇంట్లో నుంచో తెలియలేదు.

వాకిలి నిండా చెప్పులు. ఆడవాళ్ళను తోసుకుని లోపలికి పోతే, పటం ముందర మా ఇంటామె కూచుని ఉంది. రవిక తడిసి ఒంటికి అంటుకుని ఉంది. జుట్టు విరబోసినారు. పూలు కట్టే ఆ చేతులు రెండూ ఒళ్ళో గడగడా ఆడుతున్నాయి. మొహం నిండా కుంకుమ చెమటకు కరిగి కారుతోంది. మా అక్క పళ్ళెంలో కర్పూరం వెలిగించి ఆమె కండ్ల ముందర ఆడిస్తా ఉంది.

"ఎవరు తండ్రీ నువ్వు? ఏ కొండనుంచొచ్చినావు? ఏం లోపం చేసినాము, చెప్పు తండ్రీ!"

మా ఇంటామె పెదాలు కదిలినాయి. నాలుక మడత పడతా ఉంది.

"ఎర్రది... ఎర్రది ఆరిపాయ..."

ఆడవాళ్ళంతా ఒక్కసారి గోవిందా అన్నారు. "ఎర్రదంట! గంగమ్మకు మొక్కిన ఎర్రచీర ఇయ్యలేదు, అదే అడగతాండాది," అని ఎవరో అన్నారు. "కాదు, దీపం కొండెక్కిందేమో సూడండి," అని ఇంకొకరు. ఎర్రది ఏదో అక్కడ నాకొక్కడికే తెలుసు. ఆ నల్లగుడ్డల గదిలో గోడ మీది చుక్క. అది ఆమె కండ్లలో ఆరిపోతా ఉంది.

"అక్కా, జరుగు. సామి కాదు. దీనికి చక్కెర దిగిపోయింది."

"రేయ్, నోరు కడుక్కోరా! సామి పలకతా ఉంటే చక్కెరంటావా?"

చక్కెర డబ్బా యాడుందో నాకు తోచలేదు. కండ్ల ముందర తళిగ ఉంది. ఆకులో పాయసం ఉంది, వెచ్చగా, బెల్లం పాయసం. ఇంకా కర్పూరం ఇవ్వలేదు, స్వామికి చూపలేదు. నేను దేవుడు లేడనే మనిషిని కాదు. నాకూ వంటి నిండా భయముంది. అయినా ఆకులో చెయ్యి పెట్టినాను. పలచటి పాయసం వేలితో తీసి ఆమె దవడ లోపల రాసినాను. వెనకాల ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"తళిగ ఎంగిలి చేస్తివే పాపీ!" అని అక్క నా వీపు మీద గుద్దింది. గుద్దనీ అనుకున్నాను. మళ్ళీ రాసినాను. ఆమె నా వేలు కొరికింది. గొంతు కదిలింది, మింగింది. మళ్ళీ. మళ్ళీ. ఎంతసేపు అట్ల కూచున్నానో చెప్పలేను. ఆమె తల నా చేతిలో ఉంది. అది బరువెక్కుతుందో తేలికవుతుందో ఒక్కటే చూస్తున్నాను. ఇంకో మాట మాట్లాడుతుందా, ఇంతటితో సరా? స్వామీ, నీ పాయసం నేను దొంగతనంగా తినిపించినాను, నన్ను ఏమన్నా చెయ్యి, అని మనసులో అనుకున్నాను.

కండ్లు నా మీదికి తిరిగినాయి.

"ఏందయ్యా, నా నోట్లో చెయ్యి పెట్టినావు?" అంది. తర్వాత చుట్టూ చూసి, "వీళ్ళంతా ఎందుకొచ్చిండారు? నా జుట్టెవరిప్పింది?"

అప్పుడు నా వేలి మీద ఆమె పంటిగాటు మంట తెలిసింది. అంతదాకా తెలియలేదు.

మధ్యాహ్నానికి ఆమె లేచి తిరిగింది గానీ ఊరు ఊరుకోలేదు. స్వామి చెప్పబోయిన మాటకు నేను అడ్డం పడినానని మా అక్క నాతో మాట్లాడకుండా చంద్రగిరి పోయింది. వచ్చే శనివారం మళ్ళీ వస్తానని, అప్పుడు నన్ను ఇంట్లో లేకుండా చెయ్యమని మా ఇంటామెకు చెప్పి పోయింది. వీధిలో ఒకామె కోర్టులో ఉన్న చేను సంగతి అడగాలని, ఇంకొకామె కొడుకు పెండ్లి సంగతి అడగాలని ఎదురుచూస్తా ఉన్నారు. మా ఇంటామె ఒక్కపొద్దు మాననంటుంది. "నాలుగు శనివారాలు మొక్కినాను. మూడుతో ఆపమంటావా?" ఆ వారమంతా నా లెక్క ఒకటే. ఇంకో శనివారం, ఇంకో సూది, ఇంకో ఖాళీ కడుపు.

సంగతి విని శుక్రవారంనాడు ఆ పరిశోధన చేసే ఆయన ఇంటికి వచ్చినాడు. మా ఇంటామె పూలు కడతానే అడిగింది.

"నాయనా, ఆపొద్దు నన్ను నీ మిషను ముందర కూచోబెట్టింటే ఏం చెప్పింటాది? సామి అనా, చక్కెర అనా?"

ఆయన పూలగంప పక్కన నేల మీద కూచున్నాడు.

"రెండిట్లో ఏదీ చెప్పలేకపోయేదమ్మా. నీళ్ళలో ఉప్పు కలిపినా ఆ కోణం జరుగుతాది. నీళ్ళు వేడైనా జరుగుతాది. రక్తం పెడితే అందులో ఉండేవన్నీ బంగారానికి అంటుకొని జరిపేస్తాయి. ఏదో మారిందని దానికి తెలస్తాది. ఏం మారిందో తెలీదు. గ్లూకోజు ఒక్కదాన్నే పట్టుకొనే పూత ఒకటి బంగారం మింద వెయ్యాల. వేస్తాండాను, కడిగితే పోతాండాది."

ఆమె చేతిలో దారం ఆగింది.

"అయితే అదీ మా వదిన మాదిరేనా?" అంది.

ఆయన నవ్వాలా వద్దా అని నా మొహం చూసినాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం బీరువా తెరిచి మిషను తీసి, తనే కాగితం చింపింది. ఎడమచేతి చిటికెనవేలు ముందుకు చాపింది.

"దీన్ని పక్కకు పెట్టి గూడా పూలు కట్టొచ్చు. రేపట్నించి ఇదొక్కటే నీది. కొసన కాదు, పక్కన పొడువు."

శనివారం తెల్లవారి సూది వేసుకోకముందు నేను పొడిచినాను. రెండుసార్లు పొడవబోయి వెనక్కి తీస్తే, "నువ్వా నేనా పొడిపించుకొనేది?" అని తిట్టింది. చుక్క రక్తం పట్టీ మీద పెట్టి, మిషను అంకెలు వెనక్కి లెక్కపెడుతుంటే నేనూ దానితోబాటు లెక్కపెట్టినాను. అంకె బాగానే ఉంది. మందు తగ్గించి వేసుకుంది, ఆ సంగతి ఆ వారంలోనే ఇంకో డాక్టరును అడిగి తెలుసుకొచ్చినాను. పది గంటలకు ఇంకోసారి చూస్తే అంకె దిగి ఉంది.

అప్పటికే అక్క వచ్చింది, వెంట కోర్టు చేనామె, పెండ్లి కొడుకు తల్లి. తళిగ ఇంకా వెయ్యలేదు. వాళ్ళందరి ముందర మా ఇంటామె బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

"ఒక్కపొద్దు చెడిపాయ కదే!" అని అక్క నెత్తి కొట్టుకుంది.

"చెడితే చెడనీ వదినా. ఆపొద్దు నామిందికొచ్చింది సామి కాదు, సూదిమందు. నేను సచ్చిపోతాంటే నువ్వు కర్పూరమిచ్చినావు."

 వచ్చిన ఇద్దరూ టెంకాయలు అట్లే పట్టుకుని వెళ్ళిపోయినారు. అక్క పోలేదు. తళిగ వేసేదాకా ఒక మూల కూచుంది. కర్పూరం ఇచ్చింది, గోవిందా అంది, తినింది, రెండు చెంబుల నీళ్ళు తాగింది. బస్సుకు లేచేటప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

"రేయ్, నాకీ మద్దెన దప్పిక తీరేలేదు. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచగట్టుకొని పోతాండాది. అరికాళ్ళు మొద్దుబారిండాయి. ఆ మిషను నా వేలికి గూడా పెట్టి సూడరా."

పెట్టినాను. అంకె వస్తుందని చూస్తున్నాము. అంకె రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు రెండు వచ్చినాయి, హెచ్, ఐ. మా ఇంటామెకు టీవీ చూసి ఆ రెండక్షరాలు తెలుసు.

"వదినా, నీకు హాయ్ చెప్తాండాది!"

వారం రోజుల తర్వాత మొదటిసారి ఇద్దరూ నవ్వుకున్నారు. "మిషనుకు గూడా మర్యాద తెలుసు," అంది అక్క. "అంటే బాగుండానా?"

అది హాయ్ కాదు. మిషను లెక్కపెట్టగలిగినదానికన్నా ఎక్కువ ఉందని దాని అర్థం. మా ఇంటామె నా మొహం చూసింది. నవ్వు ఆపేసి అక్క చేతిలోని సంచీ మెల్లగా తీసుకుని గోడవార పెట్టింది.

"చంద్రగిరి రేపు పోదువులే వదినా. ఇప్పుడు చెప్పులేసుకో."

"యాడికే?" అంది అక్క.

మేమిద్దరమూ ఆమెకు చెరో పక్కన నిలబడి ఉన్నాము. ఆసుపత్రి అనే మాట ఎత్తకుండానే, చెరో చెయ్యి పట్టుకుని గడప దాటించినాము.